చిలుక తిండిలో తేడాలు: లక్షణం, కారణం, పరిష్కారం

గిన్నెలో పది రకాలు వేస్తాం, చిలుక ఏరుకుని రెండే తింటుంది. తిండి వల్ల వచ్చే జబ్బులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. అందుకే ఏ లక్షణం కనిపించినా ముందు సాయంత్రం గిన్నెలో ఏం మిగిలిందో చూడండి. పైనున్న పొట్టు ఊదేసి మరీ చూడాలి, ఎందుకంటే ఉత్త పొట్టుతో నిండిన గిన్నె కూడా గింజలున్నట్టే కనిపిస్తుంది. రోజూ పొద్దున మేత పెట్టకముందే గ్రాముల త్రాసు మీద తూచి, బరువు రాసి పెట్టుకోండి.

సమస్య: గింజలు తప్ప ఏదీ ముట్టదు

కారణం: పొద్దుతిరుగుడు పప్పులో దాదాపు సగం కొవ్వే, రుచి మరిగితే వదలదు. పైగా చిలుకలకు కొత్త వస్తువంటే భయం. ఎప్పుడూ చూడని క్యారెట్ ముక్క తిండి అని దానికి తెలియదు.

పరిష్కారం: గింజలు ఒక్కసారిగా ఆపకండి. 'ఆకలేస్తే అదే తింటుందిలే' అనుకోవడం చాలా ప్రమాదం. 35 గ్రాముల బడ్జీకి (చిన్న జాతి చిలుక) ఒకటి రెండు రోజుల పస్తు కూడా ప్రాణాంతకం కావచ్చు. మొదటి వారం మూడు వంతుల గింజలకు ఒక వంతు పెల్లెట్లు (పోషకాలన్నీ కలిపి చేసిన మేత గుళికలు) కలపండి. ఆపైన 6 నుంచి 8 వారాల్లో మెల్లగా గింజలు తగ్గిస్తూ రండి. పెల్లెట్ల పొడిని తడి చేసిన గింజలకు పట్టిస్తే, పొట్టు ఒలిచేటప్పుడు ఆ రుచి నాలుకకు తగులుతుంది. కూరగాయలు పొద్దున్నే, బాగా ఆకలి మీద ఉన్నప్పుడు సన్నగా తరిగి పెట్టి, రెండు గంటల్లో తీసేయండి. తడి తిండి త్వరగా పాడవుతుంది. దాని ఎదుట మీరు తింటూ చూపిస్తే ఇంకా మంచిది.

రెట్ట చిన్నగా, నల్లటి ఆకుపచ్చగా మారితే కడుపులోకి ఏమీ పోవడం లేదని అర్థం. వెంటనే పాత మేతకు వెళ్లండి. బరువు పదో వంతు తగ్గితే ఆగకుండా పక్షుల వైద్యుడికి చూపించాలి.

చివరికి చేరాల్సిన లెక్క: పెల్లెట్లు 60 నుంచి 70 శాతం, కూరగాయలు, ఆకుకూరలు 20 నుంచి 30 శాతం. గింజలు, నట్స్, పండ్లు అన్నీ కలిపి 10 శాతం లోపే. మకరందం తాగే లోరీ జాతి చిలుకలకు ఈ లెక్క వర్తించదు.

సమస్య: తుమ్ములు, ముక్కు రంధ్రాల్లో చీమిడి, నోట్లో తెల్లటి మచ్చలు

గింజల మీదే బతికే చిలుకలో ముందు అనుమానించాల్సింది విటమిన్ ఎ లోపం. అది లేకపోతే నోరు, శ్వాసనాళాల లోపలి పొర గట్టిపడి, ఇన్‌ఫెక్షన్ సులువుగా పడుతుంది. పడిన ఇన్‌ఫెక్షన్‌కు మందు వైద్యుడే ఇవ్వాలి. తిండిలో మాత్రం క్యారెట్, చిలగడదుంప, గుమ్మడి, ఎర్ర క్యాప్సికమ్ రోజూ ఉండేలా చూడండి. వీటిలోని బీటా కెరోటిన్‌ను శరీరం కావలసినంత మేరకే విటమిన్ ఎగా మార్చుకుంటుంది. విటమిన్ ఎ చుక్కల మందు అలా కాదు, మోతాదు మించితే కాలేయంలో పేరుకుని విషమవుతుంది. నీళ్లలో విటమిన్లు కలపడం ఇంకా చెడ్డ పద్ధతి: రుచి మారి చిలుక నీళ్లు తాగడం తగ్గిస్తుంది, గిన్నెలో బ్యాక్టీరియా పెరుగుతుంది.

సమస్య: వణుకు, మూర్ఛ, పట్టు తప్పడం, గుడ్డు లోపలే ఇరుక్కోవడం

ఇవన్నీ అత్యవసరం, ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి. కాల్షియం లోపం ఒక ముఖ్య కారణం, ఆఫ్రికన్ గ్రే జాతి చిలుకల్లో మరీ ఎక్కువ. పంజరంలో కటిల్ బోన్ (కాల్షియం కోసం పెట్టే కటిల్ ఫిష్ లోపలి గుల్ల) తగిలించినా ఫలితం లేకపోతే విటమిన్ డి3 చూడాలి, అది లేనిదే కాల్షియం ఒంటికి పట్టదు. కిటికీ అద్దం అతినీలలోహిత బి కిరణాలను ఆపేస్తుంది కాబట్టి అద్దం వెనక ఎండ లెక్కలోకి రాదు. నీడ కూడా అందేలా పంజరాన్ని కాసేపు బయట నేరుగా వెలుతురులో ఉంచండి. పాలకూరలో ఆక్సలేట్లు కాల్షియంను పట్టేసుకుంటాయి, దాన్ని ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయండి.

సమస్య: లావెక్కింది, ముక్కు త్వరగా పెరుగుతోంది

రొమ్ము ఎముక వేలికి తగలకపోతే కొవ్వు పట్టినట్టే. ముక్కు కూడా పెరుగుతుంటే కాలేయాన్ని పరీక్ష చేయించండి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం పసుపుగానో ఆకుపచ్చగానో మారితే అసలు ఆలస్యం వద్దు. రెట్ట చుట్టూ నీళ్లు మాత్రమే ఎక్కువగా ఉంటే, పండ్లు తిన్న రోజున అది మామూలే.

సమస్య: తినకూడనిది తినేసింది

అవకాడో, చాక్లెట్, కాఫీ, మద్యం, ఉల్లి, వెల్లుల్లి, ఆపిల్ గింజలు పెట్టకూడదు. అవకాడో గుండెను దెబ్బతీస్తుంది, కొద్దిగా తిన్నా చంపగలదు. తిన్నదని తెలిస్తే లక్షణాల కోసం ఎదురు చూడకండి. ఏది, ఎంత, ఎప్పుడు తిన్నదో రాసుకుని వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.