కారు ఇంజిన్ వేడెక్కిపోతుంటే కారణం ఎలా కనిపెట్టాలి?

వేడెక్కిన బండిని షెడ్డుకు తీసుకెళ్తే చాలాచోట్ల మొదట వినిపించే మాట, ‘థర్మోస్టాట్ తీసేద్దాం సార్’. ఇంజిన్ తగినంత వేడెక్కేదాకా కూలెంట్‌ను, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవాన్ని, రేడియేటర్‌లోకి పోనివ్వని వాల్వ్ అది. ఆ మాటకు తలూపే ముందు ఒక్క ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకోండి. బండి ఎప్పుడు వేడెక్కుతోంది? సిగ్నల్ దగ్గర ఆగినప్పుడా, హైవే మీద వేగం అందుకున్నాకా, ఘాట్ ఎక్కేటప్పుడా, స్టార్ట్ చేసిన ఐదారు నిమిషాలకేనా? సగం కారణం ఆ జవాబులోనే దొరుకుతుంది. మిగతా సగానికి ఒక టార్చిలైటు, పాత గుడ్డ, కాస్త ఓపిక ఉంటే చాలు.

ముందు బండి ఆపండి

డ్యాష్‌బోర్డులో ఇంజిన్ వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు పోతున్నా, ముల్లు లేని కార్లలో ఎర్ర థర్మామీటరు గుర్తు వెలిగినా ఏసీ ఆపేసి, హీటరును పూర్తి వేడిలో, బ్లోయర్‌ను పూర్తి వేగంలో పెట్టండి. మే నెలలో ఇది శిక్షే. కానీ హీటరు లోపల ఉన్నది కూడా కూలెంట్ వేడిని గాలికి వదిలే ఒక చిన్న రేడియేటరే కాబట్టి ఇంజిన్ వేడి కొంత అటు పోతుంది. చోటు దొరకగానే పక్కకు తీసి ఇంజిన్ కట్టేయండి. ‘ఇంకో రెండు కిలోమీటర్లేగా’ అని లాగిస్తే ఇంజిన్ పై భాగమైన అల్యూమినియం సిలిండర్ హెడ్ వంగిపోవడానికి ఆ దూరం చాలు.

వేడి మీద రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. నీళ్లు, గ్లైకాల్ సగం సగం కలిపిన కూలెంట్ మామూలుగా 107 డిగ్రీల దగ్గర మరుగుతుంది. మూత లోపలి ఒత్తిడిని పట్టి ఉంచడం వల్ల 120 డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత వదులు చేశారంటే ఆ క్షణంలోనే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. రేడియేటర్ పై హోస్ పైపు నొక్కితే మెత్తగా, చల్లగా తగిలేదాకా ఆగండి. ముప్పావు గంట పట్టవచ్చు. ఈలోగా చల్లటి నీళ్లు ఇంజిన్ మీద కుమ్మరించకండి, హెడ్ పగలవచ్చు. ఇంజిన్ ఆపినా ఎలక్ట్రిక్ ఫ్యాన్ దానంతటది తిరగవచ్చు. చేతులు, చున్నీలు దూరంగా ఉంచండి.

కూలెంట్ ఎంత ఉంది, ఎటు పోతోంది

కూలెంట్ డబ్బా మీది రెండు గీతల మధ్య మట్టం ఉండాలి. రేడియేటర్‌కు విడిగా మూత ఉన్న కార్లలో డబ్బా నిండుగా ఉన్నా రేడియేటర్ ఖాళీగా ఉండవచ్చు. మూత రబ్బరు పాడైతే, ఇంజిన్ చల్లబడేటప్పుడు డబ్బాలోంచి కూలెంట్‌ను వెనక్కి పీల్చుకోలేదు. అందుకే చల్లారాక మూత తీసి లోపలికి చూడాలి. రబ్బరు పగిలినా, స్ప్రింగ్ వదులైనా మూత మార్చండి. పాత మూత మీద 0.9 అనో 1.1 అనో ఉంటుంది, కొత్తదాని మీదా అదే అంకె ఉండాలి.

ఒక్కోసారి కూలెంట్ బాగా తగ్గి సెన్సర్ చుట్టూ గాలే మిగులుతుంది. అప్పుడు ఇంజిన్ మాడిపోతున్నా ముల్లు మధ్యలోనే నిలబడుతుంది. హీటర్ పెట్టినా చల్లగాలే వస్తుంటే ముల్లును నమ్మకండి.

లీకు కారిన చోట కూలెంట్ ఆరిపోయి రంగు మరక మిగులుతుంది. హోస్ క్లిప్పులు, రేడియేటర్ ప్లాస్టిక్ భాగం అల్యూమినియంతో కలిసే అంచు, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రం, ఈ మూడు చోట్లా టార్చి వేసి చూడండి. పంపు పుల్లీ ఊగుతున్నా పంపు పోయినట్టే. ముందు సీటు దగ్గర కార్పెట్ తడిగా, జిగటగా ఉంటే హీటర్ లోపల కారుతోంది. ఏసీ నుంచి పడే నీటికి రంగూ ఉండదు, జిగటా ఉండదు. దాన్ని చూసి కంగారు పడక్కర్లేదు.

మూత తీస్తే తుప్పు రంగు నీళ్లు కనిపిస్తే ఎవరో ఏళ్ల తరబడి బోరు నీళ్లే పోసి ఉండవచ్చు. ఆ నీటిలోని సున్నం రేడియేటర్ గొట్టాల్లో పేరుకుంటుంది. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడండి.

ఆగితే వేడి, కదిలితే చల్లన

అయితే ముందు ఫ్యాన్‌నే చూడాలి. బండి కదులుతుంటే ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఆగినప్పుడు ఆ పని ఫ్యాన్ చేయాలి. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి. చాలా కార్లలో కొద్ది సెకన్లలో ఫ్యాన్ తిరుగుతుంది. తిరగకపోతే ఫ్యూజు చూడండి. అది బాగుంటే ఇంజిన్ ఆపి, ఫ్యాన్ రిలే (ఫ్యాన్‌కు కరెంటు కలిపే చిన్న స్విచ్చు) తీసి, అదే నంబరున్న హారన్ రిలేను దాని స్థానంలో పెట్టి మళ్లీ స్టార్ట్ చేయండి. ఫ్యాన్ తిరిగితే ఖర్చు ఒక్క రిలేతో పోయింది. అప్పటికీ కదలకపోతే మోటారుకు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి చూడాలి; ఇది ఎలక్ట్రీషియన్‌తో చేయించండి.

ఫ్యాన్ బాగానే తిరుగుతున్నా గాలి లోపలికి పోకపోవచ్చు. రేడియేటర్ ముందు ఉండే ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు మధ్య సందులోకి టార్చి వేయండి. కోతల కాలంలో రోడ్ల మీద వడ్లు ఆరబోసే ఊళ్లలో తిరిగిన బండి అయితే పొట్టు, పురుగులు, దుమ్ము కలిసి అక్కడ అట్ట కట్టి ఉంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి సన్నటి ధారతో కడగండి. సర్వీసింగ్ గన్‌తో కొడితే రేకులు వంగిపోయి ఉన్న దారి కూడా మూసుకుపోతుంది.

హైవే మీద, ఘాట్‌లో మాత్రమే వేడెక్కితే

అప్పుడు గాలి కన్నా కూలెంట్ ప్రవాహాన్ని అనుమానించాలి. రేడియేటర్ గొట్టాలు పూడిపోవడం, వాటర్ పంపు రెక్కలు అరిగిపోవడం, వేగం పెరిగినప్పుడు కింది హోస్ లోపలికి నొక్కుకుపోవడం ముఖ్య కారణాలు. తాకకుండానే వేడి కొలిచే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉంటే, వేడిగా ఉన్న రేడియేటర్ మీద అంతటా దాన్ని గురిపెట్టి చూడండి. ఒక భాగం మరీ చల్లగా చూపిస్తే అక్కడ గొట్టాలు మూసుకుపోయాయి.

తిరుమల, శ్రీశైలం, అరకు ఘాట్లలో ఇంజిన్ మీద భారం ఎక్కువ, ఎదురుగాలి తక్కువ. ఊళ్లో బయటపడని చిన్న లోపం అక్కడ బయటపడుతుంది. పెద్ద గేరులో ఈడ్చకుండా ఒక గేరు తగ్గించండి. ఇంజిన్ వేగం పెరిగితే దాని బెల్టుతో తిరిగే పంపు కూడా కూలెంట్‌ను వేగంగా తిప్పుతుంది.

స్టార్ట్ చేసిన కాసేపటికే వేడెక్కితే

మట్టం సరిగా ఉంటే, థర్మోస్టాట్ వంతు ఇప్పుడు వస్తుంది. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసి పై హోస్‌ను అప్పుడప్పుడు వేలితో తాకి చూడండి. చాలా కార్లలో థర్మోస్టాట్ 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. అందాకా గోరువెచ్చగా ఉన్న హోస్ ఒక్కసారిగా వేడెక్కాలి. ముల్లు మధ్య గీత దాటినా హోస్ వెచ్చబడకపోతే అది తెరుచుకోవడం లేదు. విప్పాక, దారం కట్టి నీళ్ల గిన్నెలో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి వేడి చేయండి. దాని మీద అచ్చు వేసిన డిగ్రీల దగ్గర వాల్వ్ కదలడం కళ్లకు కనిపిస్తుంది. కదలకపోతే కొత్తది వేయించండి.

అసలు లేకుండా నడిపితే? వద్దు. ఇంజిన్ సరిగ్గా వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రేడియేటర్‌ను తప్పించి పోయే బైపాస్ దారిని కూడా థర్మోస్టాటే మూసే ఇంజిన్లలో అయితే, అది లేనప్పుడు కొంత కూలెంట్ రేడియేటర్ ముఖం చూడకుండానే వెనక్కి తిరిగి వస్తుంది. ఏ జబ్బుకని తీశారో అదే ముదురుతుంది.

హెడ్ గ్యాస్కెట్ అనుమానం

సిలిండర్ హెడ్‌కు, దాని కింది ఇంజిన్ బ్లాక్‌కు మధ్య ఉండే సీలే హెడ్ గ్యాస్కెట్. అది పోతే లీకు ఎక్కడా కనిపించదు, కూలెంట్ మాత్రం తగ్గుతూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి దట్టమైన తెల్ల పొగ, తియ్యటి వాసన వస్తాయి. కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగవు. చల్లని ఇంజిన్ స్టార్ట్ చేసిన నిమిషానికే పై హోస్ గట్టిపడుతుంది. వీటిలో రెండు కనిపించినా బండి నడపకండి. ఇంజిన్ ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ పాల టీ రంగులో ఉంటే నీళ్లు కలిసినట్టే. ఆయిల్ మూత అడుగున మాత్రమే కాస్త నురగ ఉంటే అది చిన్నచిన్న దూరాలు తిరిగే బండ్లలో పట్టే చెమ్మ కూడా కావచ్చు. హెడ్ విప్పడానికి ఒప్పుకునే ముందు బ్లాక్ టెస్టర్‌తో చూడమని మెకానిక్‌ను అడగండి. ఇంజిన్‌లో మండిన వాయువు కూలెంట్‌లోకి వస్తుంటే అందులోని నీలి ద్రవం పసుపు రంగుకు మారుతుంది.

రిపేరు అయ్యాక

కూలెంట్ నింపి, హీటర్ వేసి, ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఇంజిన్ నడవనివ్వాలి. లోపల చిక్కుకున్న గాలి అలాగే బయటికి వస్తుంది. తీసిన పాత కూలెంట్‌ను నేల మీద పారబోయనివ్వకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు, పిల్లులు నాకుతాయి, గ్లైకాల్ వాటికి విషం. మర్నాడు ఉదయం స్టార్ట్ చేయకముందే మట్టం చూసి, తగ్గితే గీత దాకా నింపండి. ఒక్కసారి తగ్గి ఆగితే మిగిలిన గాలి బయటికి పోయినట్టు. రోజూ తగ్గుతుంటే లీకు ఇంకా ఉంది, బండిని మళ్లీ అదే షెడ్డుకు తీసుకెళ్లి ఒత్తిడి పెట్టి లీకు కనిపెట్టే ప్రెషర్ టెస్ట్ చేయించండి.