ఆడవాళ్ల కోసం వచ్చిన శృంగార పత్రికల చరిత్ర చదవాలంటే

ముందు అమెరికా ఆడవాళ్ల పత్రిక కాస్మోపాలిటన్ 1972 ఏప్రిల్ సంచిక చూడండి. హెలెన్ గర్లీ బ్రౌన్ ఎడిటర్‌గా ఉన్న ఆ సంచిక మధ్య పేజీలో సినిమా నటుడు బర్ట్ రెనాల్డ్స్ ఎలుగుబంటి చర్మం మీద బట్టల్లేకుండా పడుకుని నవ్వుతుంటాడు, చెయ్యి మాత్రం పెట్టాల్సిన చోటే పెట్టాడు లెండి! అమెరికాలో ఆడవాళ్లు కూడా చూస్తారు, చూడటానికి డబ్బులిస్తారు అని పత్రికలవాళ్లకి అర్థమైంది అక్కడే. మరుసటి ఏడాదే ప్లేగర్ల్, వీవా రెండూ వచ్చాయి.

ఆ తర్వాత బొమ్మల జోలికి వెంటనే పోకండి. యజమాని ఎవరో చూడండి. వీవా పెట్టింది పెంట్‌హౌస్ పత్రిక నడిపిన బాబ్ గుచియోనే, అంటే మగవాళ్లకి అమ్మిన మనిషే ఆడవాళ్లకీ అమ్మబోయాడు. ఇప్పుడు వోగ్ ఫ్యాషన్ పత్రిక పేరు చెప్పగానే గుర్తొచ్చే అన్నా వింటర్ అప్పట్లో వీవాలో ఫ్యాషన్ ఎడిటర్.

ప్రకటనలు, ఉత్తరాల పేజీలు వదలొద్దు, నా లెక్కలో అసలు సరుకు అక్కడే ఉంటుంది. ఎవరికోసం అచ్చేశారు, ఎవరు కొన్నారు అనేవి వేరువేరు ప్రశ్నలు: ప్లేగర్ల్‌ని స్వలింగ సంపర్కులైన మగవాళ్లు కూడా బాగా కొనేవారు.

చివరగా 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన ఆన్ అవర్ బ్యాక్స్ పక్కన పెట్టి పోల్చండి. అది లెస్బియన్లు లెస్బియన్ల కోసం నడుపుకున్నది. పేరు కూడా ఆఫ్ అవర్ బ్యాక్స్ అనే స్త్రీవాద పత్రిక మీద వెటకారమే, ఎందుకంటే అశ్లీలత విషయంలో అప్పుడు స్త్రీవాదుల్లోనే పెద్ద గొడవ నడుస్తోంది.