పరస్పర అంగీకార విడాకులు: భార్య సొంతంగా కొన్న ఆస్తిని కాపాడుకోవడం ఎలా?

పెళ్లయ్యాక కొన్నంత మాత్రాన ఆస్తిలో సగం భర్తకు పోతుందన్న భయం అక్కర్లేదు. గోవాను పక్కన పెడితే, మన దగ్గర అలాంటి ఉమ్మడి హక్కు లేదు. హిందూ వారసత్వ చట్టం (1956) 14వ సెక్షన్ ప్రకారం స్త్రీ తన సంపాదనతో కొన్న ఆస్తికి ఆమే పూర్తి యజమాని. చిక్కులు వచ్చేది వేరే చోట: డబ్బు ఎవరిదన్న ప్రశ్న దగ్గర, రాజీ ఒప్పందం రాతలో. ఇక్కడ చెప్పేది హిందూ వివాహ చట్టం వర్తించే వారి గురించి.

ముందు డబ్బు సంగతి. బినామీ చట్టం భార్య పేరున భర్త తన లెక్క చూపగల ఆదాయంతో కొన్న ఆస్తిని బినామీగా చూడదు. ఈ మినహాయింపును పట్టుకునే కొందరు భర్తలు "డబ్బు నాది, పేరు మాత్రమే ఆమెది" అని దావా వేస్తారు. రుజువు చేయాల్సిన బాధ్యత అతనిదే అయినా, మీ కాగితాలు సిద్ధంగా ఉంటే ఆ వాదన మొదట్లోనే నీరుగారిపోతుంది. అడ్వాన్స్ నుంచి రిజిస్ట్రేషన్ దాకా మీ ఖాతా స్టేట్‌మెంట్లు, జీతం స్లిప్పులు, ఈఎంఐ కట్టిన ఖాతా వివరాలు, ఐటీ రిటర్నులు ఇప్పుడే తీసుకోండి. పాత స్టేట్‌మెంట్లు తర్వాత దొరకడం కష్టం. అమ్మానాన్నలు సాయం చేసి ఉంటే వారి ఖాతా నుంచి మీ ఖాతాకు వచ్చిన ఎంట్రీ కావాలి. నగదుగా ఇచ్చిన డబ్బుకు నోటిమాట తప్ప ఆధారం ఉండదు.

తర్వాత సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, కొన్న తేదీ నుంచి నేటి వరకు ఈసీ (ఆస్తిపై ఉన్న లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం) తీసుకోండి. అసలు దస్తావేజు అతని దగ్గర ఉండిపోతే "పోయింది" అని ఫిర్యాదు ఇవ్వకండి, అబద్ధం తిరగబడుతుంది. రాజీ ఒప్పందంలో అతను తిరిగి ఇవ్వాల్సిన కాగితాల జాబితాలో రాయించండి. గతంలో అతనికి జీపీఏ (మీ తరఫున వ్యవహరించే అధికార పత్రం) ఇచ్చి ఉంటే దాన్ని రిజిస్టర్డ్ పత్రంతో రద్దు చేసి, నోటీసు పంపాలి.

హోమ్ లోన్‌లో భర్త కో-అప్లికెంట్ అయినంత మాత్రాన ఇంటికి యజమాని కాడు. దస్తావేజులో కొనుగోలుదారుగా అతని పేరు కూడా ఉంటే మాత్రం కథ వేరు. అతను తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం రిజిస్టర్ చేయించాల్సిందే. ఇక విడాకుల డిక్రీతో బ్యాంకు దానంతటది అతని పేరు లోన్ నుంచి తీసేయదు. మీ ఒక్కరి ఆదాయంపై లోన్ మార్పుకు బ్యాంకు ఒప్పుకుంటుందో లేదో ఒప్పందానికి ముందే లిఖితపూర్వకంగా తెలుసుకోండి.

ఎంఓయూలో (రాజీ ఒప్పంద పత్రంలో) "ఒకరి ఆస్తులపై మరొకరికి హక్కు లేదు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టేస్తుంటారు. అది చాలదు. ఆస్తి షెడ్యూల్ విడిగా ఉండాలి: సర్వే లేదా ఫ్లాట్ నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు, దస్తావేజు నంబరు, సంవత్సరం. కింద అతని ప్రకటన: ఇది పూర్తిగా ఆమె స్వార్జితం, కొనుగోలుకు గానీ ఈఎంఐలకు గానీ తాను ఇచ్చిన ఏ మొత్తం పైనా ఇప్పుడూ ఇకముందూ క్లెయిమ్ లేదు. మీదైన బంగారానికి, లాకర్‌కు వేరే జాబితా.

ఒక మెలిక గుర్తుంచుకోవాలి. అతని హక్కు మీకు మార్చాల్సిన స్థిరాస్తి అసలు పిటిషన్‌లో విషయంగా లేకపోతే, దాన్ని రాజీ డిక్రీలో రాసినా 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఆ డిక్రీని రిజిస్ట్రేషన్ చేయించక తప్పదు. అందుకే ఉమ్మడి పేర్లున్నప్పుడు విడుదల పత్రం వేరుగా చేయించడమే మేలు. ఎప్పుడు? సెకండ్ మోషన్ (డిక్రీ కోసం ఇద్దరూ రెండోసారి కోర్టును కోరడం) లోపు. ఫస్ట్ మోషన్ (మొదట ఉమ్మడి పిటిషన్ వేయడం) తర్వాత సాధారణంగా ఆరు నెలల గడువు ఉంటుంది. తగిన కేసుల్లో దాన్ని కోర్టు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. డిక్రీ వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. కాబట్టి మీరు ఇవ్వాల్సిన డబ్బు గానీ, వెనక్కి తీసుకోవాల్సిన కేసులు గానీ ఒకేసారి వదిలేయకండి, అతని సంతకాలతో ముడిపెట్టి విడతలుగా ఇవ్వండి.

చాలామంది మరిచేది వీలునామా. డిక్రీకి ముందు భార్య వీలునామా లేకుండా చనిపోతే, ఆమె కొన్న ఆస్తికి హిందూ వారసత్వ చట్టం 15వ సెక్షన్ కింద పిల్లలతో పాటు భర్త కూడా వారసుడే. పిల్లలు లేకపోతే మొత్తం అతనికే. ఇద్దరు సాక్షుల ఎదుట సంతకంతో వీలునామా చెల్లుతుంది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయిస్తే మంచిది. బ్యాంకు, పీఎఫ్, బీమా నామినీలనూ చూసుకోండి.

ఆస్తిని తమ్ముడి పేరున హడావుడిగా మార్చేయడం మాత్రం వద్దు. మనోవర్తి కేసు నడుస్తుంటే ఇద్దరూ ఆస్తుల అఫిడవిట్ వేయాలి. అందులో దాచినది బయటపడితే మీ మాటకు విలువ పోతుంది.

డిక్రీ రాగానే ఎంఓయూతో సహా సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకుని దస్తావేజుతో కలిపి ఉంచండి. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవారి లాయర్ ముందుగా అడిగేది అదే.