వారంటీ లేని సెకండ్ హ్యాండ్ కారు కొంటున్నరా? అమ్మేటాయన మాట నిజమో కాదో ఎట్ల తెలుసుకోవాలె?

బండి ఎట్లుందన్నా అని అడిగితే ఎవరైనా ఒకటే చెప్తరు, షోరూం కండీషన్ తమ్మీ, రూపాయి పని లేదు అని. నేను 2019ల హన్మకొండల ఒక స్విఫ్ట్ డీజిల్ ఆ మాట మీదనే కొన్న. మీటర్ 62 వేలు చూపెట్టింది, ఆయన మంచిగ చాయ్ తాపిండు, పిల్లల సదువుల ముచ్చట చెప్పిండు. నాలుగు నెలలైనంక బ్యాటరీ మారుద్దామని బానెట్ లేపితే మెకానిక్ ఓ మూలకు అంటుకపోయిన పాత స్టిక్కర్ చూపెట్టిండు, ఆయిల్ మార్చినప్పుడు ఏస్తరు కదా అది, దాని మీద పెన్నుతోని "మళ్ల సర్వీసు 98,000" అని రాసి ఉన్నది. బండి బాగనే నడిచింది, అది వేరే ముచ్చట, కానీ బానెట్ లేపినప్పుడల్లా ఆ చాయ్ యాదికొచ్చేది.

వారంటీ లేదంటే మనం కొనేది సగం ఇంజిన్, సగం ఆయన మాట. అందుకే ఇప్పుడు ముందు మాటనే చెక్ చేస్త.

మొదలు: పోకముందే బండి నంబర్ అడుక్కోండి, ఆర్సీ ఫోటో పంపుమనండి. ఎంపరివాహన్ అనే సర్కారు యాప్‌ల నంబర్ కొడితే రిజిస్ట్రేషన్ తారీఖు, ఇన్సూరెన్స్ ఎప్పటిదాక, లోన్ ఉన్నదా లేదా తెలుస్తది. పోలీసుల ఈ-చలాన్ సైట్‌ల చలాన్లు చూడండి. ఏపీ 36, అంటే వరంగల్ పాత నంబర్ అయితే రాష్ట్రం విడిపోకముందుది, ప్రైవేటు కారు ఆర్సీ 15 ఏండ్లే కాబట్టి ఎన్నేండ్లు మిగిలినయో లెక్క ఏస్కోండి, ఆ తర్వాత ఐదేండ్లకోసారి రెన్యువల్ చేపియ్యాలె.

రెండోది, అసలు పని ఇక్కడనే: ఇవన్నీ తెలిసినట్టు చెప్పకుండ ఆయననే అడగండి. ఎన్నో ఓనరన్నా, చలాన్లు ఏమన్న ఉన్నయా, ఎక్కడన్న గుద్దిందా. ఇన్సూరెన్స్ తారీఖు ఒక నెల అటిటు చెప్తే పర్వాలేదు, మర్చిపోతం. లోన్ ఉన్న బండికి లోన్ లేదంటే మాత్రం చాయ్ తాగకుండనే లేచి రండి. ఇంకొకటి తప్పకుండ అడగండి: "ఈ బండి మీరే ఇంకో రెండేండ్లు ఉంచుకుంటే ముందుగాల ఏం పని చేపిస్తరు?" నిజం చెప్పేటాయన కొంచెం ఆలోచించి క్లచ్ దగ్గరికొచ్చింది, ముందు టైర్లు మార్చాలె అంటడు. పదేండ్ల బండికి ఏం పనే లేదనేటోనితోని జాగ్రత్త.

తర్వాత వానల సంగతి. 2020 ఆగస్టుల, 2023 జూలైల మన దగ్గర కాలనీలకు కాలనీలే మునిగినయి, అప్పుడు బండి ఎక్కడ పెట్టిన్రన్నా అని అడగండి. జవాబు ఏదైనా సీటు బెల్టు చివరిదాక గుంజి చూడండి, పైన కడుగుతరు గానీ లోపల చుట్టుకున్న కాడ బురద మరక ఉండిపోతది. డిక్కీల స్టెప్నీ లేపి కింద చూడండి, సీటు కింద పట్టాలకు తుప్పు చూడండి. లోపల సెంటు వాసన గుప్పుమంటే నాకైతే డౌటే.

బండి స్టార్ట్ చేసి పెట్టొద్దని ముందే చెప్పండి, పోంగనే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వేడిగుంటే సల్లారేదాక ఆగండి. సల్లటి ఇంజిన్ స్టార్ట్ చేస్తే నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతున్నట్టు. టైర్లు నిరుడే ఏసినం అంటరు కదా, టైరు పక్కన నాలుగు అంకెలుంటయి, 2319 అంటే 2019ల 23వ వారం తయారైంది. ఊరి బయటికి, హసన్‌పర్తి దాక నడిపి చూడండి. మెకానిక్‌ను మీరే తీస్కపోండి, పైసలు మీ జేబుల నుంచే ఇయ్యండి, కొంటే కమీషన్ అంటే కొనమనే చెప్తడు.

బయానా ఇచ్చే ముందు తెల్లకాయితం మీద రాపియ్యండి: మీటర్ రీడింగ్, యాక్సిడెంట్ అయిందా లేదా, పాత చలాన్లు ఎవలు కడతరు, బండి అప్పజెప్పిన తారీఖు, టైము. నోటితోని గడగడ చెప్పినాయన పెన్ను పట్టంగనే నసిగితే మీకు జవాబు దొరికినట్టే. మనం కూడ సక్కగ ఉండాలె, బయానా ఇచ్చినంక లేని రిపేర్లు చెప్పి రేటు తగ్గియ్యమనుడు మంచిగుండదు, బేరమంతా ముందే.

ఇగ పేరు మార్పుకు ఫారం 29, ఫారం 30 సంతకాలు, లోన్ ఉంటే అది తీరిందని బ్యాంకు ఇచ్చే ఎన్‌వోసీ, ఆర్సీల లోన్ ఎంట్రీ తీసేయనీకి ఫారం 35. వేరే రాష్ట్రం బండైతే అక్కడి ఆర్టీఏ ఎన్‌వోసీ. ఇన్సూరెన్స్ 14 రోజులల్ల, ఆర్సీ 30 రోజులల్ల మన పేరు మీదికి మార్చుకోవాలె. మీకు వీలైనప్పుడు మార్చుకోండి అనేటాయన కంటే రేపే ఆర్టీఏకు పోదాం అనేటాయన నయం, ఎందుకంటే 2018ల సుప్రీంకోర్టే చెప్పింది, రికార్డుల ఎవల పేరుంటే యాక్సిడెంట్ బాధ్యత వాళ్లదే అని.

నిరుడు కాజీపేటల ఒక వాగనార్ చూసిన. ఆ రెండేండ్ల ప్రశ్న అడిగితే, ఏసీ కంప్రెసర్ సౌండ్ చేస్తది, ఎండాకాలం దాటదు అన్నడు. ఐదు వేలు తగ్గిచ్చి తీస్కున్న. ఏప్రిల్‌ల ఏసీ పోయింది. ఫోన్ చేస్తే, చెప్పిన కదన్నా అన్నడు. చెప్పిండు మరి.