జైలుకెళ్ళే నాన్న బిడ్డతో ఏం చెప్పి వెళ్ళాలి

రాజకీయ కేసుల్లో అరెస్టు వేళాపాళా చూసుకుని రాదు. తెల్లవారుజామున తలుపు తడతారు, లేదా కోర్టులో బెయిలు రద్దయి అటునుంచటే తీసుకెళ్తారు. బిడ్డతో చెప్పాల్సిన మాట ఆ నిమిషంలో వెతుక్కుంటే దొరకదు. కేసు మెడ మీదికి వస్తోందని తెలిసిన రోజే భార్యాభర్తలిద్దరూ కూర్చుని దాన్ని కాగితం మీద రాసుకోవాలి, ఒకరికొకరు చదివి వినిపించుకోవాలి. చదువుతుంటే గొంతు పూడుకుపోయే వాక్యం ఏదైనా ఉంటే దాన్ని ఇంకా చిన్నది చేయండి. విశాఖలో ఉండే కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాం, వెళ్ళేది నాన్న అనుకుని రాశాం. వెళ్ళేది అమ్మ అయినా పద్ధతి ఇదే.

మాట అర నిమిషంలో అయిపోవాలి. అందులో నాలుగు సంగతులు ఉండాలి: ఎక్కడికి, ఎందుకు, నీ తప్పేమీ లేదు, రేపు నీ పనులు ఎవరు చూస్తారు. ఆరేడేళ్ళ పాపకైతే ఇలా:

"తల్లీ, నన్ను పోలీసులు తీసుకెళ్తున్నారు. జైల్లో ఉంటాను. నేను దొంగతనం చేయలేదు, ఎవర్నీ కొట్టలేదు. నేను మాట్లాడిన మాటల మీద కేసు పెట్టారు. అది తప్పో కాదో జడ్జిగారు తేలుస్తారు, దానికి చాలా రోజులు పడుతుంది. నువ్వు అల్లరి చేసినందుకు కాదు, నీ వల్ల ఏమీ కాలేదు. రేపు పొద్దున నిన్ను బడికి అత్త తీసుకెళ్తుంది, సాయంత్రం తనే తీసుకొస్తుంది. వెళ్ళొస్తా."

రెండో సంగతిలో మీ కేసులో ఏది నిజమో అదే పెట్టండి. మీ మీద మోపిన ఆరోపణ వేరేదైతే వాక్యం కూడా మారాలి. అబద్ధం ఒక్కటి దొరికినా మిగతా మూడింటినీ బిడ్డ నమ్మదు. మూడోది అనవసరం అనిపిస్తుంది, కానీ దాన్ని మాత్రం ఎప్పుడూ వదలొద్దు. అయిదు నుంచి ఎనిమిదేళ్ళ పిల్లలు ఇంట్లో ఏ చెడు జరిగినా దానికి కారణం తామే అనుకుంటారు. ముందు రోజు హోంవర్క్ చేయలేదని నాన్న కోప్పడి ఉంటే, అందుకే వెళ్ళిపోయాడని లెక్క కట్టేస్తారు. అడగరు, లోపలే పెట్టుకుంటారు. ఇక నాలుగోది పెద్దవాళ్ళకు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, బిడ్డ చెవికి మొదట ఎక్కేది అదే. క్యారేజీ ఎవరు కడతారు, ఆటో ఎవరు ఎక్కిస్తారు, రాత్రి పక్కన ఎవరు పడుకుంటారు. ఆ మనిషి పేరు చెప్పి తీరాలి. "అందరూ చూసుకుంటారు" అంటే ఎవరూ లేరనే అర్థమవుతుంది.

చివరి మాట గురించి కాస్త ఆగి చెప్పాలి. మన ఇళ్ళలో గడప దాటేటప్పుడు "పోతున్నా" అనరు, "వెళ్ళొస్తా" అంటారు. లోపలున్నవాళ్ళు "వెళ్ళిరా" అంటారు. బిడ్డ పుట్టినప్పటి నుంచి రోజూ వింటున్న జత మాటలివి. అందులో తిరిగి రావడం ఉంది, తేదీ మాత్రం లేదు. జైలుకెళ్ళే మనిషి నిజాయితీగా ఇవ్వగలిగిన హామీ సరిగ్గా అంతే. అందుకని ఇంకే పెద్ద మాటా వెతక్కండి. రోజూ ఏ గొంతుతో అంటారో అదే గొంతుతో అనండి, బిడ్డ "వెళ్ళిరా" అనేదాకా రెండు క్షణాలు ఆగండి. బదులు చెప్పిన బిడ్డకు నాన్నను తానే పంపినట్టు ఉంటుంది, నాన్న మాయమైపోయినట్టు ఉండదు. బదులు రాకపోతే అడిగి అనిపించుకోవద్దు.

అనకూడనివి కొన్ని ఉన్నాయి, ప్రేమతోనే నోటికొచ్చేవి. "ఇంటికి పెద్దదిక్కు నువ్వే", "అమ్మను ఏడవనివ్వకు" అన్నవి వాటిలో అన్నిటికన్నా చేటు చేసేవి. ఎనిమిదేళ్ళవాడు ఆ మాటను అక్షరాలా పట్టుకుంటాడు. అమ్మ ఏడ్చిన ప్రతిసారీ తాను ఓడిపోయాననుకుంటాడు, తన ఏడుపు ఆపేసుకుంటాడు. "పెద్దయ్యాక నువ్వూ నాలాగే నిలబడాలి" కూడా వద్దు. మీ నమ్మకాలు బిడ్డకు అందించే వేళ అది కాదు. కావాలంటే ఒక చిన్న పని అప్పగించండి: తులసికి నీళ్ళు పోయడం, క్యాలెండరు చింపడం, చెల్లికి జడ రిబ్బను వెతికి పెట్టడం. రెండు రోజులు మరిచిపోయినా నష్టం లేని పనే ఇవ్వాలి.

"సంక్రాంతికి వచ్చేస్తా" అని ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పొద్దు. ఉపా (చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టం) కేసుల్లో చార్జిషీటుకే 180 రోజుల దాకా గడువు పొడిగించుకునే వీలుంది, బెయిలు దొరకడం మామూలు కేసులకన్నా చాలా కష్టం. 1970లలో నక్సలైట్ల మీద పెట్టిన పార్వతీపురం కుట్ర కేసు విచారణ విశాఖలోనే ఏళ్ళ తరబడి సాగింది. పండుగ వచ్చి నాన్న రాకపోతే బిడ్డకు పాడయ్యేది ఆ ఒక్క పండుగే కాదు, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటా అనుమానమే.

విశాఖలో ఇంకో అబద్ధం చాలా తేలిగ్గా అతుకుతుంది: "నాన్న షిప్పెక్కాడు." పోర్టు, నేవీ, మర్చంట్ షిప్పులు ఉన్న ఊరు కాబట్టి నెలల తరబడి నాన్న లేని ఇళ్ళు పక్కనే ఉంటాయి. "గుంటడికి ఇవన్నీ ఎందుకులే" అని తాతయ్యలు, అమ్మమ్మలే ఈ కథ మొదలుపెడతారు. కానీ షిప్పెక్కిన నాన్నలు వీడియో కాల్ చేస్తారు, బొమ్మలు తెస్తారు. వారం తిరక్కుండానే తరగతిలో ఎవరో "మీ నాన్నను టీవీలో చూశాం" అంటారు. అప్పుడు బిడ్డకు నాన్న జైల్లో ఉన్న దుఃఖంతో పాటు ఇంట్లో అందరూ కలిసి మోసం చేశారన్న దుఃఖం కూడా తోడవుతుంది. మూడేళ్ళ పసివాడికైనా "పోలీసుల దగ్గర ఉన్నాడు, ఇప్పుడు రాలేడు" అన్న ఒక్క వాక్యం సరిపోతుంది. అదే వాక్యం, అడిగిన ప్రతిసారీ, ఇంట్లో అందరి నోటా ఒకేలా రావాలి.

మరీ చెప్పేయడం కూడా తప్పే. బిడ్డ దాచిపెట్టాల్సి వచ్చే సంగతి ఒక్కటి కూడా చెప్పొద్దు. స్నేహితుల పేర్లు, ఎవరి ఇంట్లో ఎవరున్నారు, కాగితాలు ఎక్కడున్నాయి అనేవేవీ బిడ్డ తలలో ఉండకూడదు. రేపు ఎవరు అడిగినా "నాకు తెలియదు" అన్న జవాబు నిజం కావాలి. పోలీసుల మీద ద్వేషం కూడా నూరిపోయొద్దు. జైలు గేటు దగ్గర బిడ్డ సంచీ వెతికేది యూనిఫారం వేసుకున్న మనిషే, ఆ మనిషిని దాటుకునే నాన్న దగ్గరికి పోవాలి.

అరెస్టు ఇంట్లోనే జరిగితే

అరెస్టు మెమో (అరెస్టు వివరాలు రాసే కాగితం) మీద కుటుంబ సభ్యుడో, ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి. ఏ కారణంతో అరెస్టు చేస్తున్నారో, ఎక్కడికి తీసుకెళ్తున్నారో ఇంట్లోవాళ్ళకు చెప్పాలి. 1996 నాటి సుప్రీంకోర్టు డి.కె. బసు తీర్పు నుంచి, సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన ఇప్పటి భారతీయ నాగరిక సురక్షా సంహిత దాకా ఉన్న నియమమే ఇది. ప్రయాణ సమయం కాక 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. ఈ రాతకోతలు జరిగే వ్యవధే మీకు దొరికే సమయం. ఒకరు కాగితాలు చూసుకోవాలి, ఇంకొకరు బిడ్డను చూసుకోవాలి. రెండూ ఒక్కరే చేయబోతే రెండూ చెడతాయి. బేడీలు వేయబోతుంటే, వేయకముందే బిడ్డను దగ్గరికి తీసుకోనివ్వమని మర్యాదగా అడగండి. హక్కుగా కాకుండా విన్నపంగా అడిగితే చాలాసార్లు ఒప్పుకుంటారు.

బిడ్డ నిద్రలో ఉంటే? అయిదేళ్ళు దాటిన బిడ్డను లేపడమే మంచిదని మా అభిప్రాయం. లేచేసరికి నాన్న లేని పొద్దును చూసిన పిల్లలు ఆ తర్వాత నిద్రపోవడానికే భయపడతారు. అంతకన్నా చిన్నవాళ్ళను లేపకండి. పడుకున్న చోటే ముద్దుపెట్టి, తన చొక్కా ఒకటి దిండు పక్కన ఉంచి వెళ్ళాలి. నాన్న వాసన పోకుండా దాన్ని ఉతక్కండి.

లాయరుకు స్తోమత లేకపోతే కస్టడీలో ఉన్న మనిషికి ఉచిత న్యాయసహాయం 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం ఇచ్చిన హక్కు. 15100కు ఫోన్ చేయొచ్చు, జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వొచ్చు. బడికి మర్నాడే వెళ్ళి క్లాస్ టీచరుకు రెండు వాక్యాల చీటీ ఇవ్వండి: ఏం జరిగింది, బిడ్డను తీసుకెళ్ళడానికి ఎవరెవరు వస్తారు. కొన్నాళ్ళు ఇంట్లో న్యూస్ ఛానళ్ళు కట్టేయండి.

గొంతు రికార్డు చేసి ఉంచడం

ముందే సమయం ఉంటే ఇది తప్పక చేయండి. ఒక్కటే పొడుగాటి సందేశం వద్దు. అయిదారు చిన్నవి, ఒక్కోటి రెండు నిమిషాలు: పడుకునే ముందు చెప్పే కథ, జ్వరం వచ్చినప్పుడు, పరీక్ష రోజు, పుట్టినరోజు, ఊరికే పేరు పెట్టి పిలిచేది ఒకటి. ఆ చివరిదాన్నే పిల్లలు పదే పదే వింటారు. ఏ రికార్డులోనూ "ఈసారి నీ ఏడో పుట్టినరోజు" అని అంకె చెప్పొద్దు, ఏ ఏడాదికైనా పనికొచ్చేలా ఉండాలి. చాలామంది చేసే పొరపాటు వాటిని తమ ఫోన్లోనే ఉంచేయడం. ఇలాంటి కేసుల్లో మొట్టమొదట సీజ్ అయ్యేవి ఫోన్లు, లాప్‌టాప్‌లు, పెన్‌డ్రైవ్‌లు. ఇంట్లో ఉన్నవన్నీ పోతాయి, ఎప్పుడొస్తాయో తెలియదు. కాబట్టి వేరే ఇంట్లో ఉండే పిన్నికో, మేనమామకో ముందే పంపి, వాళ్ళ ఫోన్లో తెరిచి విని సరిచూసుకోండి.

ములాఖాత్

విశాఖ సెంట్రల్ జైలు హనుమంతవాక నుంచి ఆరిలోవ, ముడసర్లోవ మీదుగా అడవివరం పోయే దారిలో ఉంది. "సింహాచలం కొండకెళ్ళే రోడ్డు మీద" అని చెబితే పిల్లలకు చోటు కళ్ళకు కడుతుంది. నాన్న ఏ దిక్కున ఉన్నాడో తెలియడం వాళ్ళకు పెద్ద ఊరట. పాత జైలు ఒకప్పుడు ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఉండేది, ఇప్పుడది పార్కు. జైల్ రోడ్డన్న పేరు మాత్రం మిగిలింది. బస్సులోంచి ఆ బోర్డు చదివి నాన్న అక్కడే ఉన్నాడనుకోకుండా ముందే చెప్పండి. జైలు మారిస్తే, రాజమండ్రికి గానీ వేరే రాష్ట్రానికి గానీ, అదే రోజు మ్యాపు తీసి చూపించండి.

జాతీయ జైళ్ళ పోర్టల్లో ఈ-ములాఖాత్‌కు పేరు నమోదు చేసుకుని వెళ్ళడం మేలు. అసలు ఆధార్ కార్డు చేతిలో ఉండాలి. రిమాండు ఖైదీలకు, శిక్షపడినవాళ్ళకు రోజులు, వేళలు వేరుగా ఉంటాయి. గేటు దగ్గర కనుక్కుని రాసుకోండి. బయల్దేరే ముందు బిడ్డకు ఉన్నదున్నట్టు చెప్పండి: మధ్యలో జాలీ గానీ అద్దం గానీ ఉండొచ్చు, ముట్టుకోవడం కుదరకపోవచ్చు, పక్కనవాళ్ళ అరుపులుంటాయి, కాసేపే. ఇది చెప్పకుండా తీసుకెళ్తే బిడ్డ చేతులు చాచి, అందక, ఉన్న కొద్ది నిమిషాలూ ఏడుపుతోనే గడిచిపోతాయి.

మొదటి అయిదు నిమిషాలు బిడ్డవి. బెయిలు, వాయిదా, ఫీజుల మాటలు ఆ తర్వాతే. నాన్న "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నా" దగ్గరే ఆగిపోతుంది. "నిన్న బాక్సులో ఏం కూర పెట్టారు", "నీ బెంచీలో ఎవరు కూర్చుంటున్నారు" అని అడగాలి. ముగిసేటప్పుడు బిడ్డే ముందు వెనుదిరగాలి. నాన్నను లోపలికి తీసుకుపోవడం చూస్తే ఇంట్లో జరిగిన అరెస్టు మళ్ళీ జరిగినట్టే. అదే "వెళ్ళొస్తా" ఇప్పుడు బిడ్డ అంటుంది, "వెళ్ళిరా" నాన్న అంటాడు.

ఉత్తరాలు

జైలు నుంచి వెళ్ళే ప్రతి ఉత్తరాన్నీ అధికారులు చదువుతారు. కేసు సంగతులు, తోటి ఖైదీల పేర్లు, జైలు లోపలి బొమ్మలు ఉంటే ఆగిపోతుంది. తెలుగు చదివేవాళ్ళు లేని రాష్ట్రంలోనైతే ఇంకా ఆలస్యం. ప్రతి ఉత్తరం మీదా 1, 2, 3 అని వరస అంకె వేయండి. 4 తర్వాత 6 వస్తే నాన్న మరిచిపోలేదు, 5 దారిలో ఉందని బిడ్డకే తెలుస్తుంది.

భగత్‌సింగ్ ఉరికి 20 రోజుల ముందు, 1931 మార్చి 3న, ములాఖాత్‌లో ఏడ్చిన చిన్న తమ్ముడు కుల్తార్‌కు ఉత్తరం రాశాడు. అందులో కొన్ని ఉర్దూ కవితా పాదాలతో పాటు, చదువుకోమని, ఒళ్ళు చూసుకోమని చెప్పడం లాంటి మామూలు మాటలే ఉన్నాయి. 1930 అక్టోబరులో నైని జైలు నుంచి నెహ్రూ ఇందిరకు రాయడం మొదలుపెట్టినవి చరిత్ర పాఠాలు, కానీ ఆమెకు అప్పుడు దాదాపు పదమూడేళ్ళు. ఆరేళ్ళ బిడ్డకు ఒక్క సంగతే రాయాలి: కిటికీ మీద వాలిన పిట్ట, వాన చప్పుడు.

ఒకటో తరగతి బిడ్డకు అచ్చులు, హల్లులు, గుణింతాలు వచ్చి ఉంటాయి, ఒత్తులు ఇంకా రావు. ఒత్తులు లేని మాటలతో రాస్తే బిడ్డ ఎవరి సాయమూ లేకుండా తనే చదువుకుంటుంది. అలాగని ఉన్న ఒత్తులు తీసేసి "పాపా, ఈ రోజు వాన పడింది. ఒక పిలక పిచుక వచి కూచుంది" అని తప్పులతో రాయకండి, ఒత్తు అవసరమే లేని మాటలు ఏరుకోండి, ఇలా: "పాపా, ఈ రోజు వాన పడింది. ఒక కాకి తడిసింది. నీ పాట వినాలని ఉంది. నీవు ఆడిన ఆట పేరు రాసి పంపు." అక్షరాలు విడివిడిగా, గుండ్రంగా, గీతకూ గీతకూ మధ్య వేలంత ఖాళీ. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు రాకపోతే, బొమ్మ గీసి కింద ఒక్క మాట రాయండి. బిడ్డ పంపే బొమ్మల మీద మెరుపులు, స్టిక్కర్లు, జిగురు, పిన్నులు ఉండకూడదు. అవి అంటించినవి అనుమానంతో లోపలికి పంపరు. పెన్సిలు, మామూలు క్రేయాన్లు చాలు.

వచ్చిన ఉత్తరాలను అదే రోజు ఫోటో తీసుకోండి. సముద్రపు గాలికి ఇక్కడ కాగితం తేమ పట్టి జెల్ పెన్ను రాత అలుక్కుపోతుంది, కాబట్టి లోపల బాల్ పెన్ను వాడమనండి. రేకు పెట్టె తుప్పు పడుతుంది, మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో ఒక్కో ఉత్తరం ఒక్కో కవరులో పెట్టి, బిడ్డ చేతికి అందే అరలో ఉంచండి.