మాస్టర్ నిట్టింగ్‌కి ఏ ఊలు కొనాలి?

అమెరికాలోని నిట్టింగ్ గిల్డ్ అసోసియేషన్ వాళ్ళ మాస్టర్ హ్యాండ్ నిట్టింగ్ (చేత్తో అల్లిన ముక్కలు పంపితే వాళ్ళు దిద్దే కోర్సు) మొదటి లెవెల్‌లో చేరుతున్నారా? మిగతా సంగతులు తర్వాత, ముందు ఊలు చూసుకోండి. లేత రంగు, అదీ ఒకటే రంగు. మందం మధ్యరకం, అంటే వర్‌స్టెడ్. నూగు లేకుండా, మూడు నాలుగు పోగులు కలిపి గుండ్రంగా పేనినదైతే ప్రతి కుట్టూ విడిగా కనిపిస్తుంది. దిద్దేవాళ్ళు చూసేది అదే కదా! నేవీ బ్లూ ఎంత ముద్దొచ్చినా పక్కన పెట్టేయండి.

యాక్రిలిక్ అనే కృత్రిమ దారం చవకే. కానీ అసలు ఊలుతో అల్లిన ముక్కని తడిపి, పిన్నులు గుచ్చి ఆరబెడితే కుట్లలో చిన్నచిన్న హెచ్చుతగ్గులు సర్దుకుంటాయి. యాక్రిలిక్ అంత సులువుగా లొంగదు. ఆవిరి ఎక్కువ తగిలిందంటే జీవం పోయి వేలాడిపోతుంది.

ఒకేసారి సంచీడు కొనకండి. ముందు ఒక్క ఉండ తెచ్చి, కాస్త రిబ్, అంటే నిట్ (సీదా), పర్ల్ (ఉల్టా) కుట్లు మార్చి మార్చి వేసే నిలువు చారల అల్లిక, అల్లి చూడండి. నిట్ నుంచి పర్ల్‌కి మారే చోట చివరి నిట్ కుట్టు ఉబ్బుతోందేమో పగటి వెలుతురులో గమనించండి. ఉబ్బితే సూది ఒక సైజు తగ్గించి మళ్ళీ అల్లండి. నచ్చాక మిగతా ఉండలు అదే డై లాట్‌లో, అంటే ఒకేసారి రంగు వేసిన బ్యాచ్‌లో, తీసుకోండి. లేబుళ్ళు మాత్రం పారేయకండి.