టీ డికాక్షన్, ఇనుప నీళ్లతో చెక్కకు రంగు వేయడం ఎలా?

వంటింటి సరుకుతో చెక్కకు రంగు అనగానే చాలామంది పసుపు, బీట్‌రూట్ దగ్గరికి వెళ్తారు. వేసిన రోజు కళగానే ఉంటాయి. కిటికీ పక్కన పెట్టారా, ఎండకు రెండూ వెలిసిపోతాయి. నిలబడే రంగు కావాలంటే టీ పొడి, వెనిగర్, కాస్త ఇనుము చాలు.

టీలోని టానిన్లు (వగరు రుచినిచ్చే పదార్థాలు), వెనిగర్‌లో కరిగిన ఇనుము చెక్కలో కలిసినప్పుడు నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్ల గీతల కిటుకూ ఇదే. కరక్కాయ నీళ్లలో ముంచి ఆరబెట్టిన బట్ట మీద, బెల్లం నీళ్లలో ఊరిన ఇనుప తుక్కు రసంతో గీస్తారు.

ముందు ఇనుప నీళ్లు

దీనికి రెండు మూడు రోజులు పడుతుంది కాబట్టి మొదట ఇదే మొదలుపెట్టండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో, మీ గల్లీ హార్డ్‌వేర్ షాపులోనో సన్నటి స్టీల్ ఊల్ (తుప్పు పట్టే ఇనుప పీచు) అడగండి. గిన్నెలు తోమే మెరిసే స్టీల్ పీచు వద్దు. అది తుప్పు పట్టదు, అదే ఇక్కడ దాని లోపం. తుప్పు పట్టిన పాత మేకులైనా సరే, కాకపోతే ఇంకొన్ని రోజులు ఆగాలి.

స్టీల్ ఊల్‌కు నూనె పూత ఉంటుంది. గిన్నెల సబ్బుతో కడిగి, చిన్న ముక్కలుగా తుంచి గాజు సీసాలో వేసి, అర లీటరు తెల్ల వెనిగర్ పోయండి. మూత బిగించకండి. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది, బయటికి పోవడానికి దారి ఉండాలి. పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా పెట్టి, తర్వాత పాత బట్టతో వడగట్టండి.

సీసా కింద ప్లాస్టిక్ ట్రే తప్పనిసరి. మన పాత ఇళ్లలోని షాబాదు బండలు, తాండూరు బండలు సున్నపురాయి జాతివి. వెనిగర్ చుక్క పడితే నునుపు పోతుంది, పైగా తుప్పు మరక అక్కడే ఉండిపోతుంది.

చెక్క, టీ

ప్యాకింగ్ పెట్టెల పైన్ చెక్కలో టానిన్లు తక్కువ, అందుకే టీ పూత అవసరం. తుమ్మ చెక్కలో అవి బాగా ఉంటాయి, వట్టి ఇనుప నీళ్లకే నల్లబడుతుంది. సన్‌మైకా మీద ఈ పని జరగదు. పాత వార్నిష్ ఉంటే పూర్తిగా గీకేయాలి.

120 నంబరు శాండ్ పేపర్‌తో, తర్వాత 220తో చెక్క గీతల వెంట రుద్దండి. తడి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. పోగులు లేచి చేతికి గరుకుగా తగులుతాయి, వాటిని మళ్లీ 220తో తేలిగ్గా తీసేయండి. ఇప్పుడు బద్ధకిస్తే రంగు తడికి అవి లేచి పని పాడవుతుంది.

అర లీటరు నీళ్లలో నాలుగైదు పెద్ద చెంచాల టీ పొడి వేసి పావుగంట మరిగించి, చల్లారాక వడగట్టండి. పాలు, చక్కెర ఉండకూడదు, మిగిలిన ఇరానీ చాయ్ ఇక్కడ అక్కరకు రాదు! ఇంకా చిక్కటి నలుపు కావాలంటే హైదరాబాద్ బేగంబజార్‌లో కరక్కాయలు దొరుకుతాయి. గింజ తీసి పైబెరడును దంచి, వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టండి.

పూత

ముందు చెక్క అడుగున చిన్న చోట వేసి చూడండి. టీ రెండు పూతలు వేసి పూర్తిగా ఆరనివ్వండి. జూలై, ఆగస్టు ముసురులో అయితే రాత్రంతా ఫ్యాన్ కింద ఉంచాలి. గ్లవ్స్ తొడుక్కుని ఇప్పుడు ఇనుప నీళ్లు పూయండి. మొదట ఏమీ కాలేదనిపిస్తుంది. చూస్తుండగానే బూడిద రంగు తిరిగి, కొన్ని నిమిషాల్లో ముదురుతుంది. మధ్యలో ఆపితే ఆపిన చోట గీత పడుతుంది, పలక మొత్తం ఒక్క ఊపులో తడపాలి. లేత రంగు చాలనుకుంటే ఇనుప నీళ్లలో మామూలు నీళ్లు కలపండి. టీకి, ఇనుప నీళ్లకు వేర్వేరు బ్రష్‌లు వాడండి. ఇనుము అంటిన బ్రష్‌ను టీలో ముంచితే ఆ టీ అంతా సిరా అవుతుంది.

నలుపు వద్దు, లేత గోధుమ రంగే ఇష్టమంటే చిక్కటి కాఫీ డికాక్షన్ ఒక్కటే రెండు మూడు సార్లు పూయండి.

ఒక రోజు ఆరాక పొడి గుడ్డతో తుడిచి, అవిసె నూనె (లిన్‌సీడ్ ఆయిల్) పల్చగా పట్టించండి. రంగు ఇంకాస్త ముదురుతుంది. కొబ్బరినూనె, పల్లీనూనె వాడకండి. అవి సరిగా ఆరవు, జిడ్డుకు దుమ్మంతా అంటుకుంటుంది. నూనె వద్దనుకుంటే లక్కతో చేసే స్పిరిట్ పాలిష్ వేయించుకోవచ్చు.

అవిసె నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి బాల్కనీ మూలన పడేయకండి. ఆరుతున్నప్పుడు వేడెక్కి వాటంతట అవే అంటుకోగలవు. విడివిడిగా పరిచి, పూర్తిగా ఆరి గట్టిపడ్డాకే చెత్తబుట్టలో వేయండి.